ఈ దేశపు జిల్లేడు

అలివేలు ఏడవలేదన్న సంగతి ట్రుగనీనా శివారులో ఉండే తెలుగువాళ్ళందరికీ తెలుసు.

పోయిన చలికాలంలో, అంటే ఈ దేశపు లెక్కన జూలైలో, ఆవిడ భర్త వాసుదేవరావు గుండె ఆగి పోయాడు. దహనానికి అరగంట ఇచ్చారు. తర్వాతి శవం తాలూకు వాళ్ళు అప్పటికే బయట కార్లలో కూర్చుని ఉన్నారు. కొడుకు భానుప్రసాద్ బొత్తాం నొక్కాడు, తెర మూసుకుంది, అయిపోయింది. నల్లకోట్లు వేసుకొచ్చిన మనవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి "ఏడ్చేయండి ఆంటీ, లోపల పెట్టుకోకండి" అని చెప్పారు. లోపల ఏదో పెట్టుకున్నట్టు ఆవిడకి అనిపించలేదు. అందరికీ తలూపింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, తీగ మీద ఇంకా ఆరని బట్టలు తీసి మడతలు పెట్టింది.

పరామర్శకి వచ్చినవాళ్ళు ముందు ఆవిడ మొహం చూసేవారు, తర్వాత కిటికీలోంచి పెరటి వెడల్పు చూసేవారు. "అంకుల్ ఎంత మంచాయనో" అన్న మాటకీ "ఇల్లు ఎన్ని స్క్వేర్లు భానూ?" అన్న మాటకీ మధ్య టీ చల్లారే వ్యవధి కూడా ఉండేది కాదు. ఆవిడ కప్పులు తీసుకెళ్ళి కడిగేది. కొన్నాళ్ళకి రావడం మానేశారు. ఏడవని మనిషిని ఓదార్చడం ఎవరికైనా విసుగే.

ఆ చలిలో ఒకరోజు పొద్దున్నే మంచు పట్టిన గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి బట్టలు ఆరేస్తుంటే కోడలు వైశాలి చూసి పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా! కాళ్ళు నీలంగా అయిపోయాయి, చూసుకోరా?"

అలివేలు కాళ్ళకేసి చూసుకుంది. నిజమే, నీలంగా ఉన్నాయి. అవి ఎవరివో అన్నట్టు చూసి "అవునే" అంది.

వాళ్ళుండే ఎస్టేటు పేరులో ఒక సరస్సు ఉంది. అసలున్నది వాననీళ్ళు పోవడానికి తవ్విన గుంట, చుట్టూ కంచె. ఇళ్ళన్నీ ఒకే బూడిదరంగు, గరాజు తలుపులన్నీ ఒకే బూడిదరంగు, ఆ వెనక గోడౌన్లు కూడా అదే రంగు. సగం ఇళ్ళ ముందు ప్లాస్టిక్ గడ్డి. అప్పులు చేసి కొనుక్కున్న భూమి మీద మొక్క మొలవకుండా తివాచీ పరిచి, ఆదివారం పూట దాన్ని చీపురుతో ఊడ్చుకునే వాళ్ళ మధ్య అలివేలు తొమ్మిదేళ్ళుగా ఉంటోంది. మనవరాలు రుచిత పుట్టినప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు, మళ్ళీ వెళ్ళలేదు.

ఇంట్లో ఆవిడతో పనిలేని మాటలు మాట్లాడేది రుచిత ఒక్కతే. కొడుకూ కోడలూ చెడ్డవాళ్ళు కారు. ఆఫీసు మీటింగుల మధ్య దొరికిన ఖాళీలో "మందు వేసుకున్నావా" అని అడిగేవాళ్ళు. రుచిత అలా కాదు. నానమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పేది, అర్థం కాకపోతే చేతులు తిప్పి చెప్పేది. తాత పోయిన మర్నాడే తలగడ పట్టుకుని నానమ్మ గదిలోకి వచ్చేసింది. "యూ స్నోర్ లైక్ తాత" అని ఫిర్యాదు చేస్తూనే అక్కడే పడుకునేది.

వసంతం మొదలైనప్పుడు బళ్ళో రుచిత క్లాసువాళ్ళు సీతాకోకచిలుకల తోట పెట్టారు. ఇంటి దగ్గర కూడా పెంచమని టీచరు తలా మూడు మొక్కలు ఇచ్చి పంపింది.

"నానమ్మా, దిస్ ఈజ్ స్వాన్ ప్లాంట్. మోనార్క్ బటర్‌ఫ్లైస్ దీని మీదే ఎగ్స్ పెడతాయి. ఓన్లీ దిస్!"

అలివేలు ఒక ఆకు కొన గిల్లింది. తెల్లగా పాలు ఉబికాయి. ఆకు సన్నంగా, గన్నేరాకులా ఉందిగానీ పాలు మాత్రం అవే.

"ఓసినీ, ఇది జిల్లేడు! ఈ దేశపు జిల్లేడు. ఆ చేత్తో కళ్ళు నలుపుకోకు, మంట పుడతాయి."

భానుప్రసాద్ ఫోనులోంచి తల ఎత్తాడు. "ఇంట్లో జిల్లేళ్ళేంటమ్మా? మన వాళ్ళెవరైనా వింటే నవ్వుతారు."

ఎదుటివాడి కొంపలో జిల్లేళ్ళు మొలవాలని తిట్టుకునే జాతి మనది. ఆ తిట్టు ఆవిడకి తగల్లేదు.

"మొలవనీరా. అవన్నా మొలుస్తాయి" అంది.

జిల్లేడు అనగానే ఆవిడకి గుర్తొచ్చింది రథసప్తమి. ఆ పొద్దున సూర్యుడి ఎదురుగా నిలబడి, నెత్తి మీదా భుజాల మీదా జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయాలి. ఇక్కడికొచ్చాక జిల్లేడు దొరకలేదు. కిందటేడు వాసుదేవరావు, పక్కింటి మాల్టా దేశపు ముసలాయన కంచె మీదుగా వాలిన అంజూర చెట్టు ఆకులు కోసుకొచ్చాడు. "ఇవేంటండీ?" అంటే "కానీయ్, సూర్యుడు అంత దగ్గరికొచ్చి చూడడులే" అన్నాడు. నీళ్ళు పోసుకుంటూ ఇంకో మాట కూడా అన్నాడు: "మన ఊళ్ళో అయితే ఆయన రథం మనవైపు తిప్పాడని పండగ. ఇక్కడ చూస్తే మనల్ని వదిలేసి ఉత్తరానికి పోతున్నాడు. పోయేవాడికి దండం పెడుతున్నాం మనం." అప్పుడు నవ్వింది. "వచ్చే ఏటికి అసలు జిల్లేడే తెస్తాను, చూస్తూ ఉండు" అని కూడా అన్నాడు. ఆయన అన్నవి తెచ్చే మనిషి కాదు. ఈ మూడు మొక్కలు మాత్రం వాటంతటవే ఇంటికొచ్చాయి.

వెనక కంచె పక్కన, ఎండ బాగా పడేచోట నానమ్మా మనవరాలూ గోతులు తవ్వారు. పైనంతా మట్టి, కింద రాయి. రెండు మొక్కలు పక్కపక్కన పెట్టారు, మూడోది చెత్త వేసే పచ్చమూత బిన్ను పక్కన. పొద్దునా సాయంత్రం అలివేలు నీళ్ళు పోసింది. రథసప్తమికి ఆకు కావాలి కాబట్టి పోసింది, అంతే. ఎండలు ముదిరేసరికి మొక్కలు నడుమెత్తు ఎదిగి, తెల్లపూల గుత్తులు వేసి, ముళ్ళ బుడగల్లాంటి కాయలు కాశాయి.

జనవరిలో ఒక మధ్యాహ్నం నారింజరంగు రెక్కల మీద నల్లగీతలున్న సీతాకోకచిలుక వచ్చి ఆకు ఆకుకీ తోక ఆనించి వెళ్ళింది. రుచిత ఆనందంతో గెంతింది. ఆకు వెనక్కి తిప్పి "లుక్ నానమ్మా, ఎగ్!" అంది. అలివేలు కళ్ళజోడు లోపలే ఉండిపోయింది. ఏమీ కనిపించకపోయినా "బావుంది" అంది.

తర్వాత కొడుకూ కోడలూ రుచితా సిడ్నీ ప్రయాణమయ్యారు, రౌస్ హిల్‌లో వైశాలి అక్కగారి ఇంటికి. అలివేలు రానంది. కారు కదులుతుంటే రుచిత కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచింది.

"నానమ్మా! లుక్ ఆఫ్టర్ మై క్యాట్స్, ఓకే? డోంట్ లెట్ దెమ్ గో హంగ్రీ!"

"సరేలే తల్లీ, చెయ్యి లోపల పెట్టు!"

క్యాట్ అంటే పిల్లి అని తెలియనంత చదువురాని మనిషి కాదు ఆవిడ. మాల్టా ముసలాయన దగ్గర ఒక బొద్దు పిల్లి ఉంది. రుచిత దానితో కంచె సందులోంచి కబుర్లాడటం చాలాసార్లు చూసింది. దానికి స్నేహితులు కూడా ఉన్నారు కాబోలు, క్యాట్స్ అంది కదా అనుకుంది. ఆ సాయంత్రమే స్టీలుగిన్నెలో పాలు పోసి మొక్కల పక్కన పెట్టింది. పిల్లి కంచె దూకి వచ్చి, అనుమానంగా వాసన చూసి, తాగింది. రెండోరోజు అనుమానం లేకుండా తాగింది. మూడోరోజు ఆవిడ లేవకముందే వచ్చి తలుపు గీకింది. మనవరాలు అప్పజెప్పిన పని ఒక్కటీ తప్పకుండా చేసింది అలివేలు. పిల్లి ఒళ్ళు చేసింది.

అలా పాలు పోయడానికి వంగినప్పుడు చూసింది, మొక్కలకి పురుగు పట్టింది.

ఎటు చూసినా పురుగులే. నలుపు, తెలుపు, పసుపు చారలు. ఆకులు అంచుల నుంచి తినుకుంటూ వస్తున్నాయి. పైకొమ్మల్లో అప్పుడే ఈనెలు మిగిలాయి. గొంగళిపురుగే సీతాకోకచిలుక అవుతుందని ఆవిడ చిన్నప్పుడు బళ్ళో చదువుకుంది. కానీ గొంగళి అంటే ఒళ్ళంతా బొచ్చు ఉంటుంది, తాకితే దద్దుర్లొస్తాయి. వీటికి బొచ్చు లేదు. నున్నగా, బోడిగా ఉన్నాయి. గొంగళి లేనిది గొంగళిపురుగు ఎలా అవుతుంది? ఇది మామూలు తెగులు. వాళ్ళ నాన్న వంగతోటకి పట్టే తెగులు లాంటిదే. ఇలాగే వదిలేస్తే పండగనాటికి ఒక్క ఆకు మిగలదు.

మోకాళ్ళకి రాసుకోవడానికి తెచ్చుకున్న వేపనూనె ఉంది. కుంకుడు రసం తీసి, అందులో నూనె గిలక్కొట్టి, కిటికీ అద్దాలు తుడిచే సీసాలో పోసింది. పురుగు పట్టిన మొక్కను చూస్తే ఆగే చేతులు కావు అవి. ఆకు ఆకూ తిరగేసి, పైనా కిందా తడిపింది. మూడో మొక్క దగ్గరికి వచ్చేసరికి సీసా గుర్రుమని ఆగిపోయింది. రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రాత్రి వాన పడింది, ఆవిడ మర్చిపోయింది. ఆ వానకి మందు కొట్టుకుపోలేదని మాత్రం మర్నాడు తెలిసింది. పురుగులు చుట్టలు చుట్టుకుని మట్టిలో రాలి ఉన్నాయి. చీపురుతో ఊడ్చి బిన్నులో వేసింది. చేసిన పని బాగా చేసినట్టు ఆకులొకసారి సవరించి, పిల్లికి పాలు పోసింది.

కారు వచ్చి ఆగీ ఆగకముందే రుచిత పెరట్లోకి పరుగెత్తింది.

"వేర్ ఆర్ మై క్యాట్స్?"

"రోజూ వచ్చిందే నీ పిల్లి! గిన్నెడు పాలు తాగింది. చూడు ఎలా ఒళ్ళు చేసిందో" అంది అలివేలు. నవ్వడం అవసరమని గుర్తొచ్చి నవ్వింది కూడా.

"వాట్ పిల్లి?"

రుచిత ఆకులు తిరగేసింది. ఒకటి, ఇంకొకటి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అలివేలు మోకాళ్ళ దగ్గర వచ్చే వాసనే.

"పురుగు పట్టిందే బంగారం. మందు కొట్టాను. చూడు, ఆకులెలా నిలిచాయో…"

పిల్ల మొహం చూసి మాట ఆపేసింది. సూట్‌కేసు లాక్కుంటూ వచ్చిన వైశాలి విషయం అర్థం చేసుకోవడానికి కాసేపు పట్టింది.

"క్యాటర్‌పిల్లర్స్‌ని క్యాట్స్ అంటుందట అత్తయ్యా, వాళ్ళ టీచరు. ముద్దుగా. ఈ ముక్క నాకూ ఇప్పుడే తెలిసింది."

"అందులో క్యాటూ ఉంది, పిల్లీ ఉంది కదమ్మా, నీ తప్పేం లేదులే" అన్నాడు భానుప్రసాద్. ఆఫీసులో అందరూ నవ్వే తరహా జోకు. ఇక్కడెవరూ నవ్వలేదు.

"యూ కిల్డ్ దెమ్" అంది రుచిత. గట్టిగా కూడా అనలేదు.

ఆ రాత్రి తలగడ పట్టుకుని తన గదికి వెళ్ళిపోయింది.

తర్వాతి రోజుల్లో పిల్ల నానమ్మతో మాట్లాడలేదు. అరవలేదు, ఎదురు చెప్పలేదు. నానమ్మ ఉన్నచోట ఎవరూ లేనట్టు నడిచి వెళ్ళేది. సున్నుండలు చేసి పెడితే డబ్బా మూత తీయలేదు. "పురుగులే కదే, సారీ చెప్పింది కదా నానమ్మ" అని వైశాలి మందలిస్తే తలుపు వేసుకుంది. "పిల్లలు కదమ్మా, మర్చిపోతుంది" అన్నాడు భాను. తన బాధ్యత అయిపోయినట్టు లాప్‌టాప్ తెరిచాడు.

అలివేలు మంచం మీద కూర్చుని, తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు తనని తను గిల్లి చూసుకుంది. ఏమీ తెలియలేదు. ఈ గదిలోకి వచ్చే గొంతు ఒక్కటే, అదీ ఆగిపోయింది. ఇక అది రాకపోతే గిన్నెలూ బట్టలూ తప్ప ఇంట్లో తనకి మిగిలేదేమీ లేదు. ఈ సంగతి బాధలా తెలియలేదు. రేపు ఎండ ఎక్కువట అని ఎవరో చెప్పినట్టు తెలిసింది. అయినా కాళ్ళు పెరట్లోకి నడిచాయి. తడిగుడ్డ పట్టుకుని వేపనూనె కొట్టిన ఆకులన్నీ ఒక్కొక్కటే తుడిచింది. నూనె పోయిందిగానీ వాసన పోలేదు. కిటికీ వెనక తెర కదిలింది. ఆవిడ అటు చూసేసరికి తెర ఒక్కటే ఉంది.

పండగ ముందురోజు ఆకులు ఎంచుకోవడానికి మూడో మొక్క దగ్గరికి వెళ్ళింది. మందు తగలనిది అదొక్కటే, సూర్యుడికి ఆ ఆకులే పెడదామని. బిన్ను కాస్త జరిపి వంగితే, కింది కొమ్మ మీద, గోడనీడలో, చిటికెనవేలంత పురుగు.

కళ్ళజోడు పెట్టుకుని చూసింది. నెత్తిన రెండు నల్ల తంతులు ఊగుతున్నాయి. అది ఆకు అంచు పట్టుకుని పైనుంచి కిందకి తలాడిస్తూ తింటోంది, మళ్ళీ పైకి వెళ్ళి అక్కణ్ణుంచి తింటోంది. దానికి తొందరా లేదు, ఆగడమూ లేదు. రేపు నెత్తి మీద పెట్టుకుందామనుకున్న ఆకు ఆవిడ చూస్తుండగానే సగమైంది. తర్వాత లేకుండా పోయింది. పురుగు పక్క ఆకు మీదికి పాకింది. కాళ్ళు లాగుతున్నా అలివేలు అలాగే గొంతుక్కూర్చుంది.

తర్వాత లేచి, ఇంటివైపు తిరిగి అరిచింది. చలికాలం తర్వాత ఆవిడ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

"రుచితా! నీ పిల్లి ఒకటి బతికే ఉందే!"

కంచె మీద కూర్చున్న పక్కింటి పిల్లి ఇటు చూసింది. ఆవిడ మళ్ళీ పిలవలేదు. కాసేపటికి తలుపు జరిగింది. చెప్పుల్లేకుండా వచ్చి, నానమ్మకి దూరంగా నిలబడి, అక్కణ్ణుంచే మెడ చాచి చూసింది రుచిత. తర్వాత దగ్గరికొచ్చి బోర్లా పడుకుంది.

చాలాసేపటికి "ఇట్స్ ఎ బిగ్ వన్" అంది, పురుగుతో చెబుతున్నట్టు. "ఇట్ నీడ్స్ ఆల్ దిస్. డోంట్ టేక్ ద లీవ్స్ ఫర్ యువర్ పూజ."

"తీసుకోను."

"ప్రామిస్?"

"ఒట్టు. విషం ఆకులు నావి, మంచివి దానివి."

రుచిత గడ్డం మట్టికి ఆనించి ఆలోచించింది. "వాట్ ఇఫ్ ఇట్ డైస్ టూ?"

"చచ్చిపోతే చచ్చిపోతుంది" అంది అలివేలు. ఇంకో రకంగా చెప్పడం ఆవిడకి చేతకాలేదు.

"లైక్ తాత?"

"ఆఁ. తాతలాగే."

పిల్ల తల తిప్పి మొదటిసారి నానమ్మ కళ్ళలోకి చూసింది. "యూ డిడ్‌న్ట్ క్రై ఫర్ తాత. అమ్మ టోల్డ్ ఆంటీ ఇన్ సిడ్నీ."

"ఏడవలేదు."

"ఐ క్రైడ్ ఫర్ ద క్యాట్స్."

"మంచిది తల్లీ. ఇంట్లో నువ్వన్నా ఏడిచావు."

మర్నాడు పొద్దున గోడౌన్ల రేకుల మీదుగా సూర్యుడు వచ్చాడు. అలివేలు పాత చీర కట్టుకుని పెరట్లో పంపు దగ్గర నిలబడింది. చేతిలో వేపవాసన కొట్టే ఆకులు. నెత్తిన ఆకులు పెట్టాల్సింది పెద్దవాళ్ళు. ఆ ఇంట్లో ఆవిడకన్నా పెద్దవాళ్ళు లేరు. వైశాలి కూతుర్ని ముందుకి తోసింది. రుచిత ముఖం ముడుచుకునే వచ్చి, స్టూలెక్కి, ఆకు నెత్తి మీద పెట్టింది. సన్నటి ఆకు జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. విసుక్కుని తన జుట్టులోంచి క్లిప్పు తీసి నొక్కి పెట్టింది. రేగుపండుకి బదులు బ్లూబెర్రీ పెట్టింది. భుజాల మీది ఆకుల్ని పట్టుకుని ఉండమంది.

"సూర్యుడు అంత దగ్గరికొచ్చి చూడడులే" అంది అలివేలు. ఆ మాట ఎవరిదో ఎవరికీ చెప్పలేదు.

భాను చెంబుతో నీళ్ళు పోశాడు. క్లిప్పు జుట్టులోనే ఉండిపోయింది, ఆకు కొట్టుకుపోయింది. వేపనూనె వాసన మెడ మీదుగా, వీపు మీదుగా జారింది.

"అబ్బ!" అంది. "చల్లగా ఉందిరా!"

వైశాలి తువాలు విప్పబోయి ఆగి, అత్తగారి కాళ్ళకేసి చూసింది.

"ఇట్స్ సమ్మర్, నానమ్మా" అంది రుచిత, తెలివితక్కువ మనిషికి చెప్పినట్టు.

"అయినా చల్లగా ఉంది" అంది అలివేలు. వణుకుతూ అక్కడే నిలబడి, ఇంకో చెంబు పోయమంది.

ఆ రోజు మధ్యాహ్నానికి పురుగు మొక్క మీద లేదు. రుచిత వెతికి వెతికి, బిన్ను పిడి కింద పట్టుకుంది. అది తలకిందులుగా, కొక్కెంలా వంగి వేలాడుతోంది. మర్నాటికి అక్కడ బుట్టలాంటి లేతాకుపచ్చ గూడు ఒకటి ఉంది, పైఅంచున బంగారు చుక్కలతో. చెత్తబండి వచ్చేరోజు భానుప్రసాద్ బిన్ను రోడ్డు మీదికి లాగబోతే కూతురు అడ్డం నిలబడింది.

"నో బిన్ దిస్ వీక్."

"కంపు కొడుతుందే! అమ్మా, నువ్వన్నా చెప్పు దీనికి."

అలివేలు తలుపు దగ్గర కాళ్ళకి చెప్పులు వేసుకుంటోంది. "కొట్టనీరా" అంది. "వచ్చేవారం తీసుకెళ్దువుగాని."

రుచిత తలగడ ఇంకా తన గదిలోనే ఉంది. పిల్లి మాత్రం రోజూ వచ్చి తలుపు గీకుతోంది. దానికి పాలు ఎందుకు పోయాలో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అయినా అలివేలు పోస్తోంది. గిన్నె పెట్టి వచ్చేటప్పుడు బిన్ను దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, దాన్ని కదపకుండా వంగి చూస్తోంది.